పాత మిలటరీ ట్రక్కు ఇంజిన్‌కు హీటర్ బిగించడం ఎలా?

అనంతపురం ఎండల్లో తిరిగే బండికి ఇంజిన్ హీటర్‌తో పనేమిటని చాలామంది అడుగుతారు. మిలటరీ డిస్పోజల్‌లో కొన్న పాత ట్రక్కుకు కంప్రెషన్ తగ్గి ఉంటుంది. డీజిల్ ఇంజిన్‌లో స్పార్కు ప్లగ్ ఉండదు. పిస్టన్ నొక్కిన గాలి వేడికే డీజిల్ అంటుకోవాలి. అందువల్ల డిసెంబరు, జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల చలికే అలాంటి ఇంజిన్ తెల్లని పొగ వదులుతూ సెల్ఫ్ మోటారునూ బ్యాటరీలనూ సతాయిస్తుంది. పైగా జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్ వంటి బండిని చక్కదిద్దుకున్నవారికి దానితో లడఖ్ వెళ్లాలనే కోరిక తప్పకుండా పుడుతుంది. కర్నూలు, గుత్తి, అనంతపురం మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఉత్తరాన శ్రీనగర్ దాకా ఉంది. అక్కడి నుంచి లేహ్ వైపు ఎక్కితే చలి సంగతే వేరు. హీటర్‌ను ఇక్కడే, తీరిక ఉన్నప్పుడే బిగించుకోవాలి.

హీటర్లలో ముఖ్యంగా మూడు రకాలు ఉన్నాయి. ఆయిల్ సంపుకు, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే భాగానికి, అయస్కాంతంతో అతుక్కునేవి మన గతుకుల రోడ్ల మీద ఊడిపోతాయి. హోస్ పైపు మధ్యలో కోసి పెట్టే తొట్టి రకానికి కొత్తగా రెండు క్లాంపులు వస్తాయి, అంటే నీళ్లు కారడానికి కొత్తగా రెండు చోట్లు వచ్చినట్టే. బ్లాకు పక్కనున్న కోర్ ప్లగ్ అనే రేకు మూతను తీసి ఆ రంధ్రంలోనే అమర్చే హీటర్ పాత ట్రక్కుకు మేలు, ఎందుకంటే అది సిలిండర్ల చుట్టూ ఉన్న నీటిని నేరుగా వేడి చేస్తుంది. సంపు కింద గుడ్డలు, పిడకలు పెట్టి మంట వేసే అలవాటు ఇంకా ఉంది. డీజిల్ కారే పాత బండి కింద నిప్పు పెట్టడం ప్రాణాలతో చెలగాటమాడటమే.

కొనేటప్పుడు వోల్టేజి చూడండి. అమెరికా నుంచి తెప్పించే హీటర్లు చాలావరకు 120 వోల్టులవి. అలాంటి 1000 వాట్ల హీటర్‌ను మన 230 వోల్టులకు కలిపితే అది 3600 వాట్లకు పైగా లాగి వెంటనే మాడిపోతుంది. 230 వోల్టుల, 1000 వాట్ల హీటర్ పిన్నుల మధ్య మల్టీమీటరు సుమారు 53 ఓములు చూపాలి, పిన్నుకూ ఎర్త్‌కూ మధ్య ఏ సంబంధమూ చూపకూడదు.

మిగతా సామాను మామూలే: పానాలు, సుత్తి, మొద్దు కొన ఉన్న ఇనుప కడ్డీ, గ్రిప్ ప్లయర్, వెర్నియర్, సన్నని ఎమెరీ కాగితం, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, రేడియేటర్ మూత తీసి, రేడియేటర్‌కూ బ్లాకుకూ ఉన్న కుళాయిలు రెండూ తెరిచి నీళ్లు వదిలేయాలి. పాత కూలెంట్‌ను నేల మీద వదలకండి. అది తియ్యగా ఉండే విషం, కుక్కలూ పశువులూ తాగితే చనిపోతాయి.

హీటర్ పని చేయకపోవడానికి మన జిల్లాలో మొదటి కారణం బోరు నీళ్లు. ఏళ్ల తరబడి రేడియేటర్‌లో చవిటి నీళ్లు పోసిన ఇంజిన్‌లో వాటర్ జాకెట్ (సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే ఖాళీ) గోడలకు సున్నపు గార మందంగా పేరుకుంటుంది. ఆ గార మధ్యలో హీటర్ పెడితే హీటర్ తీగలోని వేడి నీళ్లలోకి చేరే దారి లేక, ఆ తీగ తనలో తానే కాలి తెగిపోతుంది. అందుకే ముందుగా లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి నింపి, బ్యాటరీ తీగను ఈ పనికి మాత్రం తిరిగి కలిపి, ఇంజిన్‌ను వేడెక్కేదాకా నడిపి, చల్లార్చి, తీగ మళ్లీ విప్పి ఆ నీళ్లు వదిలేయాలి. ఆ తరువాత నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. గార ఎక్కువగా ఉంటే ఇదే మరోసారి చేయాలి. బాత్రూములు కడిగే యాసిడ్ పోస్తే గారతోపాటు ఇనుము కూడా పోతుంది.

ఇక అసలు కష్టమైన పని కోర్ ప్లగ్ తీయడం. బ్లాకు పక్కన గిన్నె ఆకారంలో కనిపించే రేకు మూతలే కోర్ ప్లగ్గులు. వాటిలో కింది వరుసలో, సైలెన్సర్ గొట్టానికి దూరంగా, చెయ్యి ఆడే చోట ఉన్నదాన్ని ఎంచుకోవాలి. చాలామంది ఉలిని మూత మధ్యలో పెట్టి సుత్తితో గట్టిగా కొడతారు. మూత వెనుక కొద్ది దూరంలోనే సిలిండర్ గోడ ఉంటుంది. రేకును చీల్చుకుని ఉలి దానికి తగిలితే పోత ఇనుము బీటలు వారుతుంది, ఆ బీటతో ఇంజిన్ పనికిరాకుండా పోతుంది. అందువల్ల మొద్దు కడ్డీని మూత అంచుకు లోపలి వైపున ఒక పక్కకు ఆనించి, చిన్న దెబ్బలతో ఆ పక్క లోనికీ ఎదుటి పక్క బయటికీ తిరిగేలా కొట్టాలి. మూత అడ్డంగా తిరగగానే దెబ్బలు ఆపేసి, బయటికి వచ్చిన అంచును గ్రిప్ ప్లయర్‌తో పట్టి లాగాలి. ఇంకా కొడితే మూత మొత్తంగా జాకెట్‌లోకి పడిపోతుంది, దాన్ని తీయడానికి సగం రోజు పడుతుంది.

మూత వచ్చాక రంధ్రం వెనుక మన్నూ గారా కలిసిన బురద గట్టిపడి కనిపిస్తుంది. నిమ్మ ఉప్పుకు కరగనిది ఇదే. దాన్ని వంచిన తీగతో గోకి, నీటి గొట్టం పెట్టి కడిగి, సిలిండర్ గోడ కళ్లకు కనిపించేదాకా వదలకూడదు. ఆ తరువాత వెర్నియర్‌తో రంధ్రం వెడల్పునూ, అంచు నుంచి గోడ దాకా లోతునూ కొలవండి. పాత బండ్లకు ఏ హీటర్ సరిపోతుందో చెప్పే పట్టికలు అంత సులభంగా దొరకవు కాబట్టి, ఈ రెండు కొలతలు చేతిలో ఉన్నాకే హీటర్ కొనాలి.

రంధ్రం అంచును ఎమెరీ కాగితంతో గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. లోపలి నుంచి బయటికి రుద్దితే పడే గీతల వెంట నీళ్లు కారతాయి. తుప్పు గుంటలు వేలికి తగులుతుంటే ఆ రంధ్రాన్ని వదిలి, దానికి కొత్త ప్లగ్ కొట్టి, మరోదాన్ని ఎంచుకోండి. గుంటల మీద సీలెంట్ పూసి సర్దుకోవడం వద్దు.

హీటర్ రబ్బరు రింగుకు కొంచెం కూలెంట్ రాసి, నెమ్మదిగా లోనికి తోయాలి. గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. తీగ చుట్ట సిలిండర్ గోడకు గానీ పోతకు గానీ ఎక్కడా తగలకూడదు. తగిలిన చోట నీరు నిలవక తీగ మాడుతుంది. హీటర్‌ను అటూ ఇటూ కొద్దిగా తిప్పి చూస్తే తగులుతున్నదీ లేనిదీ చేతికే తెలుస్తుంది. తయారీదారు పై వైపు అని గుర్తు పెట్టి ఉంటే అది పైకే ఉండాలి. ఒక చేత్తో ఆ స్థితిలో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో మధ్య స్క్రూను తయారీదారు చెప్పిన మేరకే బిగించాలి. బలమంతా పెడితే లోపలి అడ్డు పట్టీ వంగి, రింగు ఒక పక్కకు జారుతుంది.

కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి సన్నని ధారగా నింపండి. ఎథిలీన్ గ్లైకాల్ కూలెంట్ సగానికి సగం ఉంటే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. నింపగానే హీటర్ స్విచ్ వేయడం చాలామంది చేసే పొరపాటు. జాకెట్‌లో చిక్కిన గాలి తీగ చుట్టూ ఉంటే కొన్ని నిమిషాల్లోనే అది కాలిపోతుంది. బ్యాటరీ తీగ తిరిగి కలిపి, ఇంజిన్‌ను పూర్తిగా వేడెక్కేదాకా నడిపి, చల్లార్చి, తగ్గిన కూలెంట్ నింపి, కొత్త జాయింటు పొడిగా ఉందని చూసుకున్నాకే కరెంటు ఇవ్వాలి.

వైరును ఫ్యానుకూ సైలెన్సర్‌కూ దూరంగా కట్టి, ప్లగ్‌ను ముందు బంపరు దగ్గర మూతతో ఉంచండి. మూడు పిన్నుల సాకెట్, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ తప్పనిసరి. స్టార్ట్ చేయడానికి రెండు మూడు గంటల ముందు వేస్తే చాలు. టైమర్ పెట్టుకుంటే రాత్రంతా కరెంటు కాల్చనక్కర లేదు.

లడఖ్ వెళ్లేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. ఈ హీటర్ ఇంజిన్ నీటిని వేడి చేస్తుందే తప్ప డీజిల్‌ను కాదు. ఇక్కడ పట్టించిన డీజిల్ అక్కడి చలికి మైనంలా గడ్డకట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. మైనస్ 33 డిగ్రీల దాకా పారే చలికాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో లడఖ్ కోసం తెచ్చింది. ట్యాంకులో మన డీజిల్‌ను వీలైనంత తగ్గించుకుని, అక్కడ దాన్ని నింపుకుని, కొంత దూరం నడిపి ఫిల్టర్‌లోకి కూడా అది చేరాకే రాత్రికి బండి ఆపాలి.