దివ్యాంగుల సంస్థకు విరాళం ఇచ్చే ముందు లెక్కలు ఎలా చూడాలి

ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, ప్రత్యేక బోధన ఇవన్నీ మనుషులు చేసే పనులు. అందుకే మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల సెంటర్‌లో ఖర్చులో సగానికి పైగా జీతాలకే పోతోందంటే తప్పు పట్టాల్సిన పనిలేదు. 'మీరిచ్చే ప్రతి రూపాయీ నేరుగా పిల్లలకే' అని బ్రోచర్‌లో వేసుకునే సంస్థనే గట్టిగా అడగాలి, మరి థెరపిస్టుకు జీతం ఎవరిస్తున్నారని. పరిపాలన ఖర్చు శాతం ఒక్కటే చూసి తీర్పు చెబితే మంచి సంస్థలే నష్టపోతాయి. డబ్బు లెక్కా మనుషుల లెక్కా ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా అన్నది అసలు పరీక్ష.

ముందు సంస్థ నిజంగా ఉందో లేదో తేల్చుకోవాలి

దీనికి అరగంట చాలు. పాన్ నంబరు అడిగి నాలుగో అక్షరం చూడండి. ట్రస్టుకు టీ, వ్యక్తుల సంఘానికి ఏ, కంపెనీకి సీ ఉంటుంది. పీ ఉంటే అది ఒక వ్యక్తి సొంత పాన్, అక్కడితో ఆపేయండి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు కూడా సంస్థ పేరే రావాలి. కార్యదర్శి పేరో ఆయన భార్య పేరో వస్తే డబ్బు పంపకండి.

తర్వాత నీతి ఆయోగ్ నడిపే ఎన్జీవో దర్పణ్ పోర్టల్‌లో ఐడీ వెతికి, అక్కడి కార్యవర్గం పేర్లను సంస్థ చెబుతున్న పేర్లతో పోల్చండి. దర్పణ్‌లో పేరు ఉన్నంత మాత్రాన ప్రభుత్వం తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు. అది నమోదు మాత్రమే.

చాలామంది అడగని కాగితం ఒకటుంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం దివ్యాంగుల కోసం సంస్థ నడపాలంటే రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి దగ్గర విడిగా నమోదు చేయించుకోవాలి. సొసైటీ రిజిస్ట్రేషన్ దీనికి సరిపోదు. ఆ సర్టిఫికెట్‌ను అందరికీ కనిపించే చోట గోడకు పెట్టాలి కూడా. గడువు తేదీ చూడండి. అనుమానం ఉంటే జిల్లా దివ్యాంగుల సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగొచ్చు. ఇక స్పెషల్ ఎడ్యుకేటర్లు, స్పీచ్ థెరపిస్టులకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఫిజియోథెరపిస్టులు ఆ కౌన్సిల్ కిందికి రారు కాబట్టి వాళ్లకు ఆ నంబరు లేదని తప్పు పట్టకండి.

ఆడిట్ రిపోర్టు చదవడం

వెబ్‌సైట్‌లో పెట్టే రంగుల వృత్తం బొమ్మ లెక్క కాదు. మూడేళ్ల పూర్తి ఆడిట్ రిపోర్టు అడగండి: బ్యాలెన్స్ షీట్, ఆదాయ వ్యయాల ఖాతా, జమా ఖర్చుల పట్టిక, షెడ్యూళ్లు, నోట్స్, వీటితోపాటు ఆదాయపు పన్ను శాఖకు ఇచ్చే ఆడిట్ ఫారం 10బీ లేదా 10బీబీ. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావడంతో సెక్షన్లు, ఫారాల నంబర్లు మారుతున్నాయి. అంతకు ముందు సంవత్సరాల కాగితాల మీద ఈ పాత నంబర్లే ఉంటాయి.

సీఏ సంతకం దగ్గర యూడీఐఎన్ అని 18 అక్షరాల నంబరు ఉండాలి. మొదటి రెండూ సంవత్సరం, తర్వాతి ఆరూ ఆ సీఏ సభ్యత్వ నంబరు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ నడిపే యూడీఐఎన్ సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ముద్ర, సంతకం ఉండి ఈ నంబరు సరిపోలకపోతే ఆ రిపోర్టు మీద ఆధారపడకండి.

ఇప్పుడు కూడికలు, భాగహారాలు. 40 మంది పిల్లలున్న డే కేర్ సెంటర్ ఒకటి అనుకుందాం. ఆరుగురు స్పెషల్ ఎడ్యుకేటర్లకు 20,000 చొప్పున, ఇద్దరు థెరపిస్టులకు 30,000 చొప్పున, నలుగురు ఆయాలకు 10,000 చొప్పున, డ్రైవరుకు 15,000. నెలకు 2,35,000, ఏడాదికి 28.2 లక్షలు. అద్దె 4.8 లక్షలు. వ్యాను డీజిలు, భోజనం, కరెంటు 6 లక్షలు. మొత్తం 39 లక్షలు. ఒక్కో బిడ్డకు ఏడాదికి 97,500, అంటే నెలకు ఎనిమిది వేల పైచిలుకు. ఇది నమ్మదగ్గ లెక్క. ఇదే సంస్థ వార్షిక నివేదికలో '2,000 మంది లబ్ధిదారులు' అని రాస్తే తలకు ఏడాదికి 1,950 రూపాయలే పడుతుంది. ఒక పూట క్యాంపుకు వచ్చి వెళ్లినవాళ్లను, ఏడాదంతా థెరపీ తీసుకున్న పిల్లలను ఒకే అంకెలో కలిపేశారన్న మాట. రోజూ వచ్చేవాళ్లు ఎందరో విడిగా చెప్పమనండి.

సిబ్బంది సంఖ్యనూ బయటి నుంచి సరిచూడొచ్చు. 20 మంది, అంతకు మించి ఉద్యోగులుంటే పీఎఫ్ చట్టం వర్తిస్తుంది. పీఎఫ్ చూసే కేంద్ర సంస్థ ఈపీఎఫ్ఓ సైట్‌లో సంస్థ పేరుతో వెతికితే నెలవారీ చెల్లింపుల వివరాలు కనిపిస్తాయి. నివేదికలో 35 మంది సిబ్బంది ఉండి పీఎఫ్ ఖాతాయే లేకపోతే జీతాల పద్దు గురించి అడగాల్సిందే.

లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే

మూడు చక్రాల బండ్లు, వినికిడి యంత్రాలు. దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్రం పథకం అడిప్ కింద, ప్రభుత్వ రంగ సంస్థ అలిమ్కో తయారు చేసిన పరికరాలు అర్హులకు ఉచితంగా అందుతాయి. అలా వచ్చినవాటినే దాతల డబ్బుతో కొన్నట్టు చూపించడం, ఒకే బండి ఫొటోను ఇద్దరు ముగ్గురు దాతలకు పంపడం జరుగుతుంటాయి. కొనుగోలు బిల్లు, స్టాకు రిజిస్టరు పక్కపక్కన పెట్టి చూడండి. రిజిస్టరులో పరికరం సీరియల్ నంబరు, ఇచ్చిన తేదీ, తీసుకున్నవారి సదరం (వైకల్య ధ్రువపత్రం) లేదా యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) నంబరు, సంతకం లేదా వేలిముద్ర ఉండాలి. రిజిస్టరును అక్కడే చూసి తిరిగిచ్చేయండి, ఫొటో తీయకండి. ఆ పేర్లు, వైకల్య వివరాలు వాళ్ల సొంత విషయం.

బిల్లులో సైజులు చూడటం మరవకండి. పిల్లల సంస్థ వీల్‌ఛైర్లన్నీ 18 అంగుళాల సీటువే కొంటే అవి పెద్దవాళ్లవి. ఆ వెడల్పులో పిల్లలు ఒక పక్కకి ఒరిగిపోతారు, వెన్ను వంకర తిరుగుతుంది, ఒంటి మీద పుండ్లు పడతాయి. వినికిడి యంత్రానికీ అంతే. ప్రతి చెవికీ కొలత తీసి ఇయర్ మోల్డ్ (చెవిలో అమరే అచ్చు) చేయించాలి, బ్యాటరీలు మార్చాలి. ఖర్చుల్లో యంత్రాలు మాత్రమే కనిపించి మోల్డులు, బ్యాటరీల పద్దు ఎక్కడా లేకపోతే అవి చెవికి ఎక్కకుండానే మూలపడ్డాయని అనుకోవచ్చు.

పింఛన్లు. రెసిడెన్షియల్ హోముల్లో ఉండేవారికి ప్రభుత్వ పింఛను వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దాన్ని నెలకు 6,000 చేశారు, తెలంగాణలో 2023లో 4,016కి పెంచారు. 50 మందికి 6,000 చొప్పున ఏడాదికి 36 లక్షలు. ఆ డబ్బు ఎవరి చేతికి వెళుతోంది? హోము తీసుకుంటే ఆదాయంలో కనిపించాలి, కుటుంబం తీసుకుంటే ఆ మాట రాతలో ఉండాలి, నివాసి ఖాతాలోనే ఉంటే పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు ఆ వ్యక్తి దగ్గరే ఉండాలి. మాటలు సరిగా రాని మనిషి పింఛను మరొకరి చేతిలో ఉన్నప్పుడు అడిగేవాళ్లు ఉండరు. అందుకే దాతలు అడగాలి.

అద్దె, అప్పులు. భవనం యజమాని ఎవరో అడగండి. ట్రస్టీ సొంత భవనానికి అద్దె కట్టడం దానికదే నేరం కాదు, మార్కెట్ ధరకు మించితే తప్పు. ట్రస్టీలకు, వారి బంధువులకు చేసిన చెల్లింపులను 10బీ, 10బీబీ ఫారాల్లో విడిగా చూపాలి. బ్యాలెన్స్ షీట్‌లో 'అడ్వాన్సులు' కింద పెద్ద మొత్తం ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే అది ఎవరి పేరున ఉందో చెప్పమనండి. నిల్వ డబ్బు ఉందని మాత్రం అనుమానించకండి. గ్రాంటు ఆలస్యమైతే జీతాలు ఆగకుండా ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకునే సంస్థే మెరుగు. టీచరు మారినప్పుడల్లా ఆటిజం ఉన్న బిడ్డ మళ్లీ మొదటికొస్తాడు.

విదేశాల నుంచి పంపేవారికి

భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ దాతలే. వాళ్ల డబ్బు తీసుకోవాలంటే సంస్థకు విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కింద అనుమతి ఉండాలి, డబ్బు ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ఉన్న ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాకే రావాలి. 'చెల్లెలి ఖాతాకు పంపండి, మేము సర్దుకుంటాం' అన్న సంస్థకు పంపకండి. విదేశీ విరాళాల్లో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. ఏటా కేంద్రానికి ఇచ్చే ఎఫ్‌సీ-4 రిటర్ను కాపీ సంస్థనే అడగండి. అమెరికాలోని సంస్థ ద్వారా ఇస్తుంటే అది అక్కడి పన్ను శాఖకు ఏటా ఇచ్చే ఫారం 990లో షెడ్యూల్ ఎఫ్ చూడండి, విదేశాలకు పంపిన సొమ్ము అక్కడ ఉంటుంది. ఏడాది రాబడి సాధారణంగా 50,000 డాలర్లు మించని సంస్థలు చిన్న ఈ-పోస్ట్‌కార్డు మాత్రమే దాఖలు చేయొచ్చు, అందులో ఖర్చుల వివరాలు ఉండవు.

డబ్బు ఇచ్చేటప్పుడు

మొదటిసారి చిన్న మొత్తం, ఒక నిర్దిష్టమైన పనికి ఇవ్వండి. ఉదాహరణకు ఒక థెరపిస్టు మూడు నెలల జీతం. మూడు నెలల తర్వాత హాజరు పట్టీ, జీతం జమైన బ్యాంకు ఎంట్రీ చూపమనండి. నగదుగా 2,000 దాటి ఇస్తే విరాళాలకిచ్చే 80జీ పన్ను మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే రాదు. పాత ఫారాల ప్రకారం సంస్థ విరాళాల వివరాలతో 10బీడీ దాఖలు చేసి, ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31లోగా దాతకు 10బీఈ విరాళ సర్టిఫికెట్ ఇవ్వాలి. చేతితో రాసిన రసీదు ఒక్కటే ఉంటే మినహాయింపు దక్కదు. జూన్ మొదటి వారానికీ సర్టిఫికెట్ రాకపోతే మీ విరాళాన్ని పన్ను శాఖకు చూపించారో లేదో రాతపూర్వకంగా అడగండి.