పాడుబడ్డ బండిని వదిలించుకోవడం ఎలా?

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీగా ఉంటున్నాను. వాటర్ ట్యాంకర్ల తర్వాత నాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది మూలన పడ్డ బండ్ల గురించే. "కబాడీ వాణ్ని పిలిచి తీయించెయ్యండి సార్, పీడా పోతుంది" అంటారు. బానెట్ మీద రావి మొక్క మొలిచినా సరే, అది ఇంకొకరి ఆస్తి. అమ్మేస్తే దొంగతనం కేసు మన మెడకే చుట్టుకుంటుంది.

బండి నిలబడ్డ చోటు ఎవరిదో ముందు చూడండి. రోడ్డు మీద ఉంటే పని తేలిక. మోటారు వాహనాల చట్టం (1988) 127వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో 10 గంటలు, అంతకు మించి వదిలేసిన బండిని తీయించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఉంది. ట్రాఫిక్‌కు ప్రమాదంగా ఉంటే అంతసేపు ఆగక్కర్లేదు. టోయింగ్ ఖర్చు యజమానిదే. నంబర్ ప్లేటు, చుట్టుపక్కల గుర్తులు కనబడేలా ఫోటోలు తీసి మీ ఏరియా ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. నోటిమాటగా చెప్తే "చూస్తాం" అంటారు. కాగితం ఇచ్చి, రిసీవ్డ్ ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి.

అసలు తలనొప్పి సెల్లార్‌లో ఉన్న బండితోనే. సెల్లార్ బహిరంగ స్థలం కాదు కాబట్టి 127 అక్కడ పనిచెయ్యదు. ప్రభుత్వ రవాణా యాప్ ఎంపరివాహన్‌లో నంబర్ కొడితే బండి వివరాలు వస్తాయి గానీ యజమాని పేరు పూర్తిగా కనబడదు. అందుకే పాత కిరాయిదారుల రిజిస్టర్ తిరగెయ్యాలి, వాచ్‌మన్‌ని అడగాలి. వాచ్‌మన్‌కి తెలిసినంత ఏ యాప్‌కీ తెలీదు! చిరునామా దొరికితే గడువు పెట్టి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, అందినట్టు రుజువు దాచండి. మీటింగ్‌లో తీర్మానం రాయించండి.

జవాబు రాకపోయినా, మనిషే దొరక్కపోయినా, ఇవన్నీ జతచేసి లా అండ్ ఆర్డర్ (ట్రాఫిక్ కాని మామూలు) పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అది దొంగిలించిన బండేమో తేల్చాల్సింది వాళ్లే. యజమాని తెలియని బండిని పోలీసులు స్వాధీనం చేసుకుంటే, మేజిస్ట్రేటు ప్రకటన ఇచ్చి, హక్కుదారు రావడానికి 6 నెలల గడువు ఇస్తారు. ఎవరూ రాకపోతే ప్రభుత్వం అమ్మేయవచ్చు. అదంతా నిదానంగా సాగుతుంది. ఈలోపు టైర్లలో నీళ్లు నిలవకుండా చూసుకోండి, లేకపోతే దోమల ఫిర్యాదులూ మన ఖాతాలోకే.

ఇక బండి మీదే అయితే? ఢిల్లీలో డీజిల్ బండి 10 ఏళ్లు, పెట్రోల్ బండి 15 ఏళ్లు దాటితే నడపకూడదన్న లెక్క విని ఇక్కడివాళ్లూ టెన్షన్ పడుతుంటారు. మన దగ్గర సొంత బండికి 15 ఏళ్లు నిండితే, ఫిట్‌గా ఉంటే, రిజిస్ట్రేషన్ మరో 5 ఏళ్లకు రెన్యూవల్ చేయించుకోవచ్చు.

నడవని బండిని మాత్రం నాలుగు వేలు ఎక్కువిస్తానన్నాడని కబాడీకి ఇవ్వకండి. వాడు మీ నంబర్ ప్లేటు ఇంకో బండికి తగిలిస్తే చలాన్లు మీ ఇంటికే వస్తాయి. 2021 కేంద్ర నిబంధనల కింద నమోదైన స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వండి. ఒరిజినల్ ఆర్‌సీ, ఆధార్, బ్యాంకు వివరాలు తీసుకెళ్లండి. ఫైనాన్స్ ఉంటే, బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీతో ఆర్‌సీ మీదున్న హైపోథికేషన్ (బ్యాంకు తనఖా) ముందే తీయించాలి. చలాన్లు కట్టేసి వెళ్తే పేచీ ఉండదు. రేటు దాదాపు బరువును బట్టే, బేరం ఆడొచ్చు.

బండి అప్పజెప్పినట్టు ఆ కేంద్రం ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ పారేసుకోకండి. కొత్త బండి కొన్నప్పుడు పన్నులో రాయితీకి అదే ఆధారం. కేంద్రం సొంత బండ్లకు 25 శాతం దాకా పరిమితి పెట్టింది, ఎంత ఇవ్వాలన్నది రాష్ట్రం ఇష్టం. తర్వాత ఆర్‌సీ రద్దయిందో లేదో ఆర్టీఏలో కనుక్కోండి. పనికిరాకుండా పోయిన బండి గురించి యజమాని 14 రోజుల్లో తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. ఫాస్టాగ్ ఉంటే అదీ మూయించెయ్యండి.