కాంకూన్ రిసార్ట్ బుక్ చేసే ముందు బీచ్ ఏ వైపుందో చూడండి

అమెరికాలో ఉండే మనవాళ్ళు వేసవి సెలవులకి మెక్సికోలో కాంకూన్ బుక్ చేసేటప్పుడు రూమ్ ఫోటోలు, బఫేలో వెజ్ దొరుకుతుందా లేదా అన్నవే చూస్తారు గానీ, అసలు చూడాల్సింది బీచ్ ఏ దిక్కున ఉందన్నది. అక్కడి హోటల్ జోన్ 7 అంకె ఆకారంలో ఉంటుంది. పై గీత మీద, అంటే ఉత్తరం వైపున్న బీచ్‌లకి ఇస్లా ముహేరెస్ దీవి అడ్డుగా ఉండటంతో నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, పిల్లల చెయ్యి పట్టుకుని హాయిగా దిగొచ్చు. నిలువు గీత మీదున్నవి తూర్పున నేరుగా సముద్రానికే తెరుచుకుంటాయి, అలలు గట్టిగా లాగుతాయి. ఎర్రజెండా కనిపిస్తే అస్సలు దిగొద్దు.

ఇంకోటి, సుమారు ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు తూర్పు తీరానికి కుప్పలుగా కొట్టుకొస్తుంటుంది, ఒడ్డున కుళ్ళిందంటే కుళ్ళిన కోడిగుడ్ల కంపు, ఇక బాల్కనీలో కూర్చోవడం కూడా కష్టమే. ఆ నెలల్లోనే సెలవు దొరికితే ఇస్లా ముహేరెస్‌లోని ప్లాయా నోర్తే గానీ, కొసుమెల్ దీవి పడమటి తీరం గానీ ఎంచుకోండి, అక్కడ ఆ బెడద బాగా తక్కువ. హోటల్ సైట్‌లోని ఫోటోలు వదిలేసి, ఈ మధ్యే వెళ్ళొచ్చినవాళ్ళు పెట్టినవి తేదీలతో సహా చూసుకోండి.