కొత్త కెమెరా కొనకుండానే ఫొటోగ్రఫీలో పని సంపాదించడం ఎలా?

పని దొరకడం లేదని బాధపడే ఫొటోగ్రాఫర్లలో చాలామంది ముందు కొత్త బాడీ (లెన్స్ లేని కెమెరా) కోసం వెతుకుతారు. అది తర్వాత చూసుకోవచ్చు. మీ దగ్గరున్నది పదేళ్ల నాటి కెమెరా అయినా సరే, దాంతోనే ఒక మంచి ఫొటో సిరీస్ తీసి, అది చూపించి పని అడగొచ్చు. ఒక ఆరు నెలలు పెట్టుకోండి.

1. కెమెరా వైపు చూడకుండా వాడటం నేర్చుకోండి

అన్నిటికంటే ఎక్కువ టైమ్ దీనికే ఇవ్వాలి. గదిలో లైటు తీసేసి, కెమెరా స్క్రీన్ మూసేసి, ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 200 నుంచి 3200కి తీసుకెళ్లండి. చాలా కెమెరాల్లో డయల్ ఒక్కసారి టిక్‌మంటే మూడో వంతు స్టాప్ మారుతుంది (ఒక స్టాప్ అంటే ఫొటో వెలుతురు రెట్టింపు లేదా సగం). 200 నుంచి 3200 దాకా నాలుగు స్టాపులు, అంటే పన్నెండు టిక్కులు. వేలితో లెక్కపెట్టి, తర్వాత లైటు వేసి చూసుకోండి. షట్టర్‌కీ (వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలి) అపర్చర్‌కీ (ఎంత పెద్ద కన్నం గుండా రావాలి) కూడా ఇలాగే చేయండి. రోజూ పది నిమిషాలు చాలు, కొన్ని వారాల్లో వేళ్లకు దానంతటదే వచ్చేస్తుంది. ఎదుటి మనిషి ముఖంలో ఏదో కదిలే క్షణం అర సెకను కూడా ఉండదు, ఆ టైమ్‌లో మీరు మెనూలో తల దూర్చి ఉంటే ఫొటో పోయినట్టే.

కంపెనీ మారొద్దని నేను పదేపదే చెప్పేది కూడా ఇందుకే. నికాన్ లెన్స్ బిగించడానికి తిప్పే వైపు వేరు, కెనాన్ లెన్స్ తిప్పే వైపు వేరు, జూమ్ రింగులు కూడా ఒకదానికొకటి ఎదురుగానే తిరుగుతాయి. ఏళ్ల తరబడి చేతికి పట్టిన అలవాటును కొత్త బాడీ మోజులో వదులుకుంటే, మళ్లీ మొదటికే వస్తారు.

కెమెరా ఆకారం ఎదుటివాళ్ల మీద కూడా పనిచేస్తుంది. ఆస్కార్ బార్నాక్ అనే ఇంజనీర్ సినిమా ఫిల్మ్‌ను వాడే లైకా అనే చిన్న కెమెరా తయారుచేశాడు. 1925లో అది మార్కెట్లోకి వచ్చాక, జేబులో పట్టే కెమెరాతో జనం మధ్యలోకి వెళ్లడం తేలికైంది. రోలీఫ్లెక్స్ అనే కెమెరాది ఇంకో దారి: దాన్ని నడుము దగ్గర పట్టుకుని, తల వంచి పైనుంచి చూస్తారు, కాబట్టి ఫొటోగ్రాఫర్ ముఖానికి కెమెరా అడ్డం రాదు. మీ కెమెరాకు పైకి మడిచే స్క్రీన్ ఉంటే ఇదే పని చేయొచ్చు. కెమెరా కంటి దగ్గరకు తీసుకోగానే ఎవరైనా బిగుసుకుపోతే, దాన్ని ఛాతీ దగ్గరకు దించి, స్క్రీన్ తెరిచి, మాట ఆపకుండా క్లిక్ చేయండి. తేడా మీకే తెలుస్తుంది.

2. ఒకే లెన్స్, ఒకే విషయం

35 గానీ 50 మిల్లీమీటర్ల లెన్స్ గానీ ఒకటి చాలు. మీరు నడిచి వెళ్లగలిగేంత దగ్గర్లో, నెలకు నాలుగైదుసార్లు వెళ్లగలిగే విషయం ఎంచుకోండి: రాత్రి షిఫ్టులో పనిచేసేవాళ్లు, ఒక కుట్టు దుకాణం, ముసలి తల్లిని చూసుకునే ఒక కూతురు. ముందు అడగండి, ఎందుకు తీస్తున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి, తీసిన ఫొటోలు ప్రింట్ చేసి వాళ్లకు ఇవ్వండి. మూడోసారి వెళ్లేసరికి మీరు వచ్చారని ఎవరూ పట్టించుకోరు. అసలు ఫొటోలు అప్పుడే మొదలవుతాయి.

3. ఏరివేత

మూడు వందల ఫొటోల్లోంచి పదిహేను తీయాలి. స్క్రీన్ మీద తేల్చుకోలేరు, చిన్న ప్రింట్లు తీసి నేల మీద పరవండి. దూరం నుంచి చోటు మొత్తం చూపించేది, మనిషిని చూపించేది, చేతుల్నో వస్తువునో దగ్గరగా చూపించేది, మూడు రకాలూ ఉన్నాయా అని చూడండి. ఒకే మాట చెప్పే ఫొటోలు రెండుంటే ఒకటి తీసేయండి. మీరు చాలా కష్టపడి తీసిన ఫొటో దగ్గరే చెయ్యి ఆగిపోతుంది, కానీ చూసేవాళ్లకు ఆ కష్టం కనబడదు. అందుకే ఫొటోగ్రఫీతో సంబంధం లేని ఒకరిని పిలిచి, ఏ ఫొటో దగ్గర ఆగుతున్నారో పక్కన నిలబడి గమనించండి, వివరణ మాత్రం ఇవ్వకండి. చివరికి ప్రతి ఫొటోకూ ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరుగుతోంది అని రెండు వాక్యాల క్యాప్షన్ రాయండి.

4. పంపడం

పత్రికలో ఫొటోలు ఎంచుకునే ఫొటో ఎడిటర్‌కు రాసే మెయిల్ ఐదారు వాక్యాలు దాటకూడదు. మీరెవరు, ఏం తీశారు, ఇంకా ఏం తీయగలరు, ఫొటోల లింకు, అంతే. బరువైన ఫైళ్లు అటాచ్ చేయకండి. పత్రికా ఫొటోల అంతర్జాతీయ పోటీ వరల్డ్ ప్రెస్ ఫొటోకు ఎంట్రీ ఫీజు లేదు, కాకపోతే అది వృత్తిగా ఈ పని చేసేవాళ్లకే, పైగా చివరి దశకు చేరితే ఒరిజినల్ ఫైళ్లు అడుగుతారు. రా ఫైళ్లు (కెమెరా మార్చకుండా దాచే అసలు ఫైళ్లు) ఎప్పుడూ డిలీట్ చేయకండి.

5. హక్కుల దగ్గర ఆగి చదవండి

ఒక చిన్న పోటీకి నిబంధనలు చదవకుండా ఫొటో పంపి, ఏడాది తర్వాత అదే ఫొటోను ఒక ప్రకటనలో చూశాను. పేరు లేదు, డబ్బు లేదు. శాశ్వతంగా అన్ని హక్కులూ ఇస్తున్నానని నేనే ఒప్పుకున్నానట. 1947లో ఫొటోగ్రాఫర్లు రాబర్ట్ కాపా, కార్టియర్ బ్రెస్సాన్, మరికొందరు కలిసి తమ సొంత ఫొటో సంస్థ మాగ్నమ్ పెట్టినప్పుడు వాళ్లు పట్టుబట్టింది దీని మీదే: కాపీరైట్ పత్రికది కాదు, తీసినవాడిది. మీరిచ్చేది వాడుకునే అనుమతి మాత్రమే అవ్వాలి. ఎన్నాళ్లకు, ఎక్కడ, ప్రింట్‌లోనా ఆన్‌లైన్‌లోనా, పేరు వేస్తారా, పని మధ్యలో రద్దయితే ఎంతిస్తారు, డబ్బు ఏ తేదీలోగా ఇస్తారు, అన్నీ రాతలో అడగండి. సంతకం చేసిన రోజే ఆ కాగితం కాపీనీ, ఆ ఫొటోల రా ఫైళ్లనూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి రెండు వేర్వేరు డిస్కుల్లో దాచండి. ఎన్నో ఏళ్ల తర్వాత ఎవరైనా అదే ఫొటో కావాలంటే ఫోల్డర్ తెరిచి, అనుమతి గడువు ఎప్పుడు ముగిసిందో చూసి, కొత్త రేటు చెప్పొచ్చు.