స్కీ పోల్ పట్టీ, బొటనవేలి భద్రత

స్కీయింగ్ చేసేవారి చేతికి తగిలే దెబ్బలలో చాలా తరచుగా కనిపించేది బొటనవేలు అరచేతిని కలిసే చోట, చూపుడువేలి వైపున ఉండే లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే గట్టి కణజాలం) సాగిపోవడం లేదా తెగిపోవడం. దీనికి ‘స్కీయర్స్ థంబ్’ అనే పేరే స్థిరపడింది. పడిపోతున్నప్పుడు చేయి తనంతట తానే ముందుకు చాచుకుంటుంది. ఆ చేతిలో పోల్ (స్కీయింగ్‌లో ఊతంగా పట్టుకునే కర్ర) అలాగే ఉంటే, మంచును తాకిన క్షణంలో దాని పిడి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మీటలా పనిచేసి, శరీర బరువుతో వచ్చిన వేగాన్నంతా బొటనవేలిని బయటికి విరిచే బలంగా మారుస్తుంది. కలం పట్టుకోవడం, తాళంచెవి తిప్పడం, బొత్తాం పెట్టుకోవడం వంటి పనులకు ఆధారమైన లిగమెంటు కాబట్టి దీని నష్టం స్కీయింగ్‌తో ముగిసిపోదు.

పోల్ పిడికి ఉండే, మణికట్టుకు తొడుక్కునే ఉచ్చులాంటి పట్టీ చేసే మేలు పోల్ చేజారకుండా ఉంచడమే. పడేటప్పుడు ఆ మేలే కీడవుతుంది: వేళ్లు పట్టు వదిలినా పట్టీ పిడిని అరచేతి దగ్గరే నిలిపి ఉంచుతుంది. అందువల్ల వాలు దిగే ప్రతిసారీ పట్టీ తొడగడం అలవాటుగా కాక, ఆలోచించి తీసుకునే నిర్ణయంగా ఉండాలి. చదును చేసిన మామూలు వాలు మీద పోల్ జారిపోతే మహా అయితే కొంత దూరం వెనక్కి ఎక్కి తెచ్చుకోవలసి వస్తుంది. ఆ శ్రమ బొటనవేలి కంటే ఎక్కువేమీ కాదు కనుక, అటువంటి చోట పట్టీ లేకుండా దిగడమే మేలని నా అభిప్రాయం. చదునైన నేల మీద, చిన్న ఎత్తుపల్లాల మీద దూరం సాగే క్రాస్ కంట్రీ స్కీయింగ్ సంగతి వేరు. అక్కడ ముందుకు తోసే బలం పట్టీ ద్వారానే పోల్‌కు చేరుతుంది కాబట్టి అది తప్పనిసరి.

తొడగదలచుకుంటే సరిగా తొడగాలి. ముందు గ్లవ్స్ వేసుకుని, మెలిక లేకుండా పట్టీని కిందికి వేలాడనివ్వాలి. చేతిని దాని లోపలికి కింది నుంచి పైకి దూర్చి, తర్వాత అరచేతిని కిందికి దించి పట్టీని, పిడిని కలిపి పట్టుకోవాలి. అప్పుడు పట్టీ మణికట్టు వెనుక నుంచి వచ్చి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యగా పిడిని చేరుతుంది, పోల్ మీద మోపిన బరువులో కొంత మణికట్టు మోస్తుంది. పొడవును కూడా గ్లవ్స్‌తోనే సరిచూసుకోవాలి. కుడి, ఎడమ పట్టీలు వేరుగా ఉండే పోల్స్‌లో వాటిని తారుమారు చేయకూడదు. అయితే ఎంత సరిగా తొడిగినా ప్రమాదం పూర్తిగా తొలగదు.

చెట్ల మధ్య దిగేటప్పుడు పోల్ కొమ్మకు తగులుకుంటే పట్టీ చేతిని వెనక్కి లాగేస్తుంది కాబట్టి అక్కడ తప్పక తీసేయాలి. స్కీయర్లను వాలు పైకి చేర్చే లిఫ్టు ఎక్కే ముందు కూడా అంతే. మంచు చరియలు విరిగిపడే అవకాశం ఉన్న వాలుపై పట్టీతో ఉన్న పోల్ చేతిని కిందికి లాగే లంగరవుతుంది. ఇక్కడ మినహాయింపే లేదు.

పట్టీ తీసినంత మాత్రాన పని పూర్తి కాదు. భయంతో పిడిని బిగించి పట్టుకుంటే పట్టీ లేకున్నా అదే గాయం అవుతుంది. పడిపోతున్నానని తెలిసిన వెంటనే వేళ్లు విప్పి పోల్స్‌ను వదిలేయడం, చేయి చాచి నేలను ఆపాలని చూడకుండా తొడమీదుగా పక్కకు ఒరగడం మెత్తటి మంచులో, తక్కువ వాలులో నెమ్మదిగా సాధన చేయవలసిన విషయాలు. గట్టిగా లాగినప్పుడు దానంతటదే విడిపోయే పట్టీలు కూడా దొరుకుతాయి. వాటిని కొన్నవారు విడిపోయే భాగంలో మంచు గడ్డకట్టలేదని దిగే ముందు చేతితో లాగి చూసుకోవాలి.

దెబ్బ తగిలాక కీలు లోపలి వైపు నొప్పి, వాపు, కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకోలేనంత బలహీనత ఉంటే ఆ రోజుకు స్కీయింగ్ ఆపేయాలి. వాపు పెరగకముందే ఉంగరం తీసేసి, గుడ్డ చుట్టిన మంచును కాసేపు పెట్టి, వేలు కదలకుండా కట్టాలి. ఎంత వంగుతుందో చూద్దామని బయటికి విరవడం పొరపాటు, దానివల్ల సగం తెగినది పూర్తిగా తెగవచ్చు. ఎముక ముక్క ఊడిందేమో ఎక్స్‌రే చెబుతుంది. పాక్షికంగా తెగినది సాధారణంగా 4 నుంచి 6 వారాలు కట్టుతో కుదురుకుంటుంది. కానీ పూర్తిగా తెగినప్పుడు లిగమెంటు చివరకూ దాని అసలు స్థానానికీ మధ్య కండరపు పొర అడ్డుపడవచ్చని స్వీడన్ శస్త్రవైద్యుడు బెర్టిల్ స్టెనర్ 1962లోనే వివరించారు. అలా అడ్డుపడినది కట్టుతో అతుక్కోదు, శస్త్రచికిత్స అవసరమవుతుంది, అది కూడా ఆలస్యం కాకుండా జరిగితేనే ఫలితం బాగుంటుంది. ఈ కారణంగానే నొప్పి తగ్గుతుందేమోనని వారాల తరబడి ఎదురుచూడకుండా కొద్ది రోజులలోనే చేతి ఎముకల వైద్యునికి చూపించాలి.