ఆన్‌లైన్ కోర్సు మధ్యలో ఆగిపోకుండా ఉండాలంటే

కోనసీమలో డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే పిల్లలు స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక), ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ పాఠాలు) కోర్సుల్లో చేరడం ఇప్పుడు మామూలే. అయితే పాఠం కొరుకుడుపడక మానేసినవారికన్నా, ఒకటి రెండు వారాలు వెనకబడి, ఆ నామోషీతో మళ్లీ తెరవలేక మానేసినవారినే నేను ఎక్కువగా చూశాను.

అందుకే ముందు, చదువుకు కూర్చోగానే కలిగే భావమేమిటో గుర్తుపట్టి కాగితం మీద రాయండి. విసుగు, భయం, నామోషీ మూడూ "చదవబుద్ధి కావడం లేదు" అన్న ఒకే మాటగా బయటికి వస్తాయి గాని, మూడింటికీ మందు వేరు. ఈ పని నా చేతిలో ఉందా, దీనివల్ల నాకేమైనా ఒరుగుతుందా అన్న రెండు అంచనాల నుంచే చదువుకు సంబంధించిన భావాలు పుడతాయని రైన్‌హార్డ్ పెక్రన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2006లో వివరించారు. విసుగు పుడితే ఆ పాఠం మీకెక్కడ పనికొస్తుందో ఒక్క వాక్యం రాసుకోండి. రొయ్యల చెరువు నీటిలో ఆక్సిజన్ లెక్కయినా సరే. భయం వేస్తే వీడియోను పది నిమిషాల చొప్పున చూసి, ప్రతిసారీ ఒక ప్రశ్నకు మీరే జవాబు చెప్పుకోండి.

నామోషీ ఇంత తేలికగా వదలదు. ఒక వానాకాలం, లంక గ్రామం నుంచి వచ్చే మా విద్యార్థిని ఒకరు కరెంటు లేక మూడో వారం అసైన్‌మెంట్ గడువు తప్పారు. కరెంటు వచ్చాక కూడా పది రోజులపాటు ఫోన్‌లో ఆ పేజీ తెరవడం, మూసేయడం, అంతే. ఎన్‌పీటీఈఎల్ 12 వారాల కోర్సులో ఉత్తమమైన 8 అసైన్‌మెంట్ల సగటునే లెక్కిస్తారు. మొత్తం మార్కుల్లో దాని వాటా 25 శాతం, పరీక్షది 75. ఆ నిబంధన చూపించి, బాకీపడ్డ పాఠాలు పక్కన పెట్టించి, గడువు ఇంకా ఉన్న అసైన్‌మెంటును నా ఎదుటే మొదలుపెట్టించాను. మీరూ ఈ వరుసలోనే చేయండి: ముందు ఈ వారానిది, పాతవి ఆదివారం.

వాన ముసురు పట్టకముందే వీడియోలు డౌన్‌లోడ్ చేసుకోండి. అదే కోర్సులో ఉన్న ఇద్దరు ముగ్గురు వారానికోసారి కలిసి కూర్చోండి.

ఇక ఇంట్లో పెద్దలకు, అధ్యాపకులకు నా విన్నపం: "ఇంకా అవలేదా?" అని అడగకండి. "ఎక్కడ ఆగావమ్మా?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి.