ఆస్ట్రేలియా ఉద్యోగులకు సెలవుల పాలసీ రాద్దాం, 4వ పాఠం: ఆ ‘పది రోజులు’ ఏ రోజులు?

పోయిన పాఠం చివర ఇచ్చిన పని చిన్నదే. సిక్ లీవు గురించి, అంటే ఇక్కడి చట్టం మాటల్లో పర్సనల్ లేదా కేరర్స్ లీవు గురించి, నాలుగు వాక్యాల క్లాజు రాసి పంపమన్నాను. పంపినవి చదివాక ఈసారి అనుకున్న హాజరు పాఠాన్ని సగానికి కోసేశాను. తప్పంతా మీదే అనను. ‘ఫుల్‌టైమ్ వాళ్లకు ఏడాదికి 10 రోజులు, పార్ట్‌టైమ్ వాళ్లకు దామాషా ప్రకారం’ అని ఒక్క ముక్క అనేసి ముందుకెళ్లిపోయింది నేనే.

మీరు పంపినవాటిలో కొన్ని హైదరాబాద్ కంపెనీ మాన్యువల్‌ని దించేసినవి. సీఎల్ 6, ఎస్‌ఎల్ 6, డిసెంబర్ 31కి మిగిలినవి లాప్స్, ప్రొబేషన్‌లో లీవు లేదు, శుక్రవారం సోమవారం పెడితే మధ్యలో శని ఆదివారాలూ కోత. వీటి మీద ఎక్కువ సమయం పెట్టను, కొట్టేయండి. ఇక్కడ లీవు చేరిన మొదటి రోజు నుంచే పోగవుతుంది, వాడనిది వచ్చే ఏడాదికి వెళ్తుంది. పనిగంటలే లేని శనివారం నుంచి కోయడానికి ఏమీ ఉండదు. ఇక్కడి ఉద్యోగుల చట్టం, ఫెయిర్ వర్క్ చట్టం, ఇచ్చినదానికన్నా పాలసీ ఎక్కువ ఇవ్వొచ్చు, తక్కువ ఇవ్వకూడదు. రాసినా చెల్లదు.

నాకు చిరాకు తెప్పించేది రెండో రకం. చూడ్డానికి తప్పు కనబడదు, పేరోల్‌లోకి వెళ్లాక కొంప ముంచుతుంది.

మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్‌లో ఒక కిరాణా కొట్టు అనుకోండి. కౌంటర్‌లో ఒకావిడ వారానికి 4 రోజులు, రోజుకు 5 గంటలు. వెనక స్టాకు చూసే అబ్బాయి 2 రోజులే, కానీ రోజుకు 10 గంటలు. ఇద్దరివీ వారానికి 20 గంటలు. వీళ్లకు సిక్ లీవు ఎంత అంటే, మీలో ఎక్కువమంది 20ని ఫుల్‌టైమ్ వారం గంటలైన 38తో భాగించి 10తో హెచ్చించి 5.26 రోజులు అని రాశారు. ఏ రోజు అది? ఆవిడ ఐదు గంటల రోజా, అబ్బాయి పది గంటల రోజా? సాఫ్ట్‌వేర్‌లో 5.26 ‘రోజులు’ అని ఎక్కిస్తే ఆవిడకు 26 గంటల చిల్లర, అబ్బాయికి 52 గంటల చిల్లర వస్తుంది. చట్టం ప్రకారం ఇద్దరికీ రావలసింది సరిగ్గా 40 గంటలు. అంటే ఆవిడకు 8 షిఫ్టులు, అబ్బాయికి 4.

ఈ తగువు హైకోర్టు దాకా, అంటే ఆస్ట్రేలియాలో అన్నిటికన్నా పై కోర్టు దాకా, వెళ్లింది. టాస్మేనియాలోని క్లేర్‌మాంట్ క్యాడ్‌బరీ ఫ్యాక్టరీలో కొందరివి 12 గంటల షిఫ్టులు, సగటున వారానికి 36 గంటలు. పది రోజులంటే పది షిఫ్టులు, 120 గంటలు అని యూనియన్ వాదించింది. ఫెడరల్ కోర్టు ఫుల్ బెంచి 2019లో ఆ వాదనే ఒప్పుకుంది. 2020 ఆగస్టు 13న హైకోర్టు దాన్ని తిరగేసింది. ‘రోజు’ అంటే క్యాలెండర్ రోజూ కాదు, షిఫ్టూ కాదు. రెండు వారాల మామూలు పనిగంటల్లో పదో వంతు. ఏడాది లెక్కలో చూస్తే మొత్తం మామూలు గంటల్లో 26వ వంతు. ఆ 36 గంటల వాళ్లకు 72 గంటలు, ఆరు షిఫ్టులు. 38 గంటల ఫుల్‌టైమ్ వాళ్లకు 76 గంటలు.

అందుకని నేను ఇప్పుడు పాలసీలో ‘రోజులు’ అన్న మాటే రానివ్వను. కొత్తగా పేరోల్‌లో చేరినప్పుడు ఒక చోట రోజుల్లో ఎక్కించి, ఆరు నెలల తర్వాత నలభై మంది బ్యాలెన్సులు చేత్తో దిద్దుకున్నాను. ఇలా రాయండి:

‘పర్మనెంట్ ఉద్యోగికి పని చేసిన ప్రతి 26 మామూలు గంటలకు 1 గంట పర్సనల్ లీవు జమ అవుతుంది. జీతంతో కూడిన లీవులో ఉన్న గంటలూ లెక్కలోకి వస్తాయి. ఓవర్‌టైమ్ రాదు. సెలవు పెట్టినప్పుడు ఆ రోజు రోస్టర్‌లో ఉన్న మామూలు గంటలే తగ్గుతాయి.’

యాన్యువల్ లీవుకు 26 బదులు 13. నా అడ్డదారి తనిఖీ ఒకటుంది: పే స్లిప్ చూడగానే ఆ నెల జమైన యాన్యువల్ లీవు సిక్ లీవుకు సరిగ్గా రెట్టింపు ఉందా అని చూస్తాను. లేకపోతే సెటప్‌లో ఎక్కడో తేడా ఉన్నట్టే. యాన్యువల్ లీవు అయిదు వారాలు వచ్చే షిఫ్టు వర్కర్లకు ఇది పనికిరాదు.

ఇప్పుడు ఇంత చెప్పాక, అన్నిటినీ గంటల్లోకి మార్చేయకండి. కుటుంబ హింస లీవు కూడా 10 రోజులే, కానీ అవి నిజంగానే రోజులు. పార్ట్‌టైమ్ అని తగ్గించకూడదు, క్యాజువల్‌కు, అంటే గ్యారంటీ గంటలు లేకుండా పిలిచినప్పుడు వచ్చేవాళ్లకు, కూడా పూర్తిగా పది. నెలనెలా పోగవ్వదు, మొదటి రోజే మొత్తం చేతికొస్తుంది. మిగిలింది తర్వాతి ఏడాదికి చేరదు, మళ్లీ పది మొదలవుతుంది. చిన్న వ్యాపారాలకు కూడా 2023 ఆగస్టు 1 నుంచి ఇది వర్తిస్తోంది. హాజరు కోడ్ పెట్టేటప్పుడు మరీ జాగ్రత్త: పే స్లిప్ మీద ఈ లీవు పేరు కనబడకూడదు. ఇంట్లో ఆ స్లిప్ ఎవరి చేతిలో పడుతుందో మనకు తెలియదు. నేనైతే మామూలు పనిగంటలుగానే చూపిస్తాను.

హాజరు సంగతి. దాదాపు అందరూ రాసిన వాక్యం: ‘షిఫ్టుకు 2 గంటల ముందు ఫోన్ చేయకపోతే సిక్ లీవు జీతం ఇవ్వబడదు.’ కుదరదు. చట్టం అడిగేది వీలైనంత త్వరగా చెప్పమని, అది లీవు మొదలయ్యాక అయినా సరే. తెల్లవారుజామున అంబులెన్స్‌లో వెళ్లినవాడు మీకు వాట్సాప్ పెట్టడు కదా. ‘వీలైతే 2 గంటల ముందు, లేకపోతే వీలైన వెంటనే చెప్పాలి, ఎన్నాళ్లు రాలేరో అంచనా కూడా చెప్పాలి’ అని రాయండి. ఆధారం ఒక్క రోజు లీవుకైనా అడగొచ్చు. కానీ మెడికల్ సర్టిఫికెట్ తప్ప ఇంకేదీ ఒప్పుకోం అనొద్దు. సహేతుకమైన మనిషిని ఒప్పించగల ఆధారం అన్నదే కొలమానం, స్టాట్యుటరీ డిక్లరేషన్, అంటే సాక్షి ముందు సంతకం పెట్టిన రాతపూర్వక ప్రకటన, కూడా అందులోకి వస్తుంది.

అయిదు నిమిషాల లేటుకు అరగంట జీతం కోత అని రాసినవాళ్లు ముగ్గురున్నారు. మిగతా 25 నిమిషాలు ఆ మనిషి పని చేశాడు, డబ్బులివ్వాలి. తెలిసే ఎగ్గొడితే 2025 జనవరి 1 నుంచి అది నేరం కిందకు కూడా రావచ్చు. లేటుకు మందు మాటతో హెచ్చరిక, తర్వాత రాతపూర్వకం. ఎన్ని మెట్లు రాస్తే అన్నీ పాటించాల్సి వస్తుంది. 2024 డిసెంబర్‌లో ఎలీషా కేసులో, తను రాసుకున్న క్రమశిక్షణ పద్ధతిని తనే పాటించని యజమానిని హైకోర్టు వదల్లేదు. కాబట్టి రెండు మెట్లు చాలు, ఆరు వద్దు.

అభ్యాసం. కాలిక్యులేటర్ తీయండి. 2023 అక్టోబర్ 23న చేరిన పార్ట్‌టైమ్ ఉద్యోగిని. సోమవారం 10 గంటలు, గురువారం 6 గంటలు, ఒక్క వారమూ మానలేదు. 2024 ఏప్రిల్ 22 సోమవారం జ్వరం. 25 గురువారం యాంజాక్ డే, పబ్లిక్ హాలిడే, అప్పటికీ తగ్గలేదు. 29 సోమవారం కూడా రాలేదు. ప్రతి రోజుకూ ఎన్ని గంటలు తగ్గాయో, దేనికి ఏ పేరుతో జీతం ఇచ్చారో, ప్రతి వారం చివర బ్యాలెన్స్ ఎంతో పట్టికలో రాసి పంపండి. 29న జీతం లేని గంటలు 3.38 తేలాలి. నాలుగు వచ్చినవాళ్లు జ్వరం వారంలో జమైన లీవును మర్చిపోయారు. పది వచ్చినవాళ్లు పబ్లిక్ హాలిడేను కూడా కోసేశారు.